ముండ్లపొదయు మనస్సాక్షియు
శ్రీ నీలం సంజీవరెడ్డిగారి జీవితమునుగూర్చి ఒక ధ్యానము

ధ్యానమునకు వాక్యభాగములు: న్యాయాధిపతులు 9:7–15, అపొస్తలుల కార్యములు 24:16, రోమా 2:15, 16



ఎన్నికల కాలము వచ్చినప్పుడెల్ల మన గ్రామ సంఘములలో ఒకే ప్రశ్న వినబడుచుండును. నిలువబడినవారిలో ఒకనిమీద ఒక నింద ఉన్నది, రెండవవానిమీద మరియొక నింద ఉన్నది. దేవునికి భయపడువారము మనము ఎవరికి ఓటు వేయగలము? కొందరు ఎవరికిని వేయక ఇంట కూర్చుండుటయే పరిశుద్ధత అని తలంతురు. మరికొందరు, అందరును ఒకటే గదా, ఎక్కువ ఇచ్చినవానికే వేసిన తప్పేమి అందురు. ఈ రెండు మాటలును మనస్సాక్షిని నిద్రపుచ్చునవే. కాబట్టి మన జిల్లాలోనే పుట్టి, ఎన్నికలలో గెలుపును ఓటమిని రెంటిని ఎరిగి, మనస్సాక్షి అను మాటచేతనే ఓడింపబడిన ఒకరి జీవితమును ఈ నెల మీ యెదుట పెట్టుచున్నాము.

శ్రీ నీలం సంజీవరెడ్డిగారు క్రైస్తవులు కారు. అయినను తన్ను ఎరుగని కోరెషును దేవుడు పేరుపెట్టి పిలిచి తన పనికి వాడుకొనెనని యెషయా 45వ అధ్యాయములో చదువుచున్నాము. రాజ్యమేలువారి జీవితములు విశ్వాసులకు పాఠములే. వారిని పూజింపనక్కరలేదు, దూషింపనక్కరలేదు. సత్యము చెప్పుకొని నేర్చుకొనిన చాలును.

బాల్యమును చెరసాలయు

సంజీవరెడ్డిగారు 1913 మే 19వ తేదీన అనంతపురము జిల్లా ఇల్లూరు గ్రామమందు వ్యవసాయ కుటుంబములో జన్మించిరి. ఆ ఊరు నేడు గార్లదిన్నె మండలములో ఉన్నది. మన సీమ ఎట్టిదో మీకు చెప్పనక్కరలేదు. ఏడాదికి యాబది అయిదు సెంటీమీటర్లకు అటు ఇటుగా వాన పడును. అదియు చెనక్కాయకు కావలసిననాడు పడక, కోతనాడు పడును. ఇట్టి నేలమీద పుట్టినవానికి మేఘమువైపు చూచుట, నాయకునివైపు చూచుట చిన్ననాటినుండియే అలవాటగును.

ఆయన మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజము వారి ఉన్నత పాఠశాలలోను, పిమ్మట అనంతపురము ప్రభుత్వ కళాశాలలోను చదివిరి. 1929 జూలైలో గాంధీగారు అనంతపురమునకు వచ్చిరి. ఆ రాక ఈ యువకుని మనస్సును మార్చెను. ఆయన 1931లో చదువు విడిచి స్వాతంత్ర్యోద్యమములో చేరిరి. 1935లో నాగరత్నమ్మగారిని వివాహమాడిరి. 1940 మొదలు 1945 వరకు బహుకాలము చెరసాలలోనే గడిచెను. అమరావతి జైలులో టంగుటూరి ప్రకాశముగారు, సత్యమూర్తిగారు, కామరాజుగారు, వి. వి. గిరిగారు ఆయనకు తోడి ఖైదీలు. ఈ చివరి పేరును చదువరులు గుర్తుంచుకొనవలెను. ఒకే చెరసాలలో ఒకే కారణమునకై ఉండినవారు ఇరువదియైదేండ్లు గడువకమునుపే ఒకరికొకరు ఎదురు నిలువవలసివచ్చెను.

బావకు ఎదురు బావమరిది

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఆయన రాజ్యాంగ సభలో సభ్యులైరి. 1949 నుండి 1951 వరకు మద్రాసు రాష్ట్రములో మద్యనిషేధము మొదలైన శాఖలకు మంత్రిగా ఉండిరి. పిమ్మట వయోజనులందరికిని ఓటు కలిగిన మొదటి ఎన్నికలు వచ్చెను. అనంతపురము శాసనసభ స్థానమునకు మంత్రిగా పనిచేసిన సంజీవరెడ్డిగారు కాంగ్రెసు పక్షమున నిలిచిరి. వారికెదురుగా తరిమెల నాగిరెడ్డిగారు కమ్యూనిస్టు పక్షమున నిలిచిరి. ఆయన సంజీవరెడ్డిగారికి స్వయముగా బావమరిది. 1952లో లెక్క తేలినప్పుడు బావమరిదియే గెలిచెను.

ఇందులో మనకొక పాఠమున్నది. ఆ ఇద్దరిదియు ఒకే కులము, ఒకే జిల్లా, ఒకే బంధువర్గము. మనవాడు గనుక వేయుదమను మాట ఆనాడు ఎవరికిని పనికిరాలేదు. ఇద్దరును మనవారే, లేదా ఇద్దరును పైవారే. ఓటరు మరియొక కొలతతో కొలువవలసివచ్చెను. ఒకరు ఏలుచున్న పక్షమువారు. మద్యమును మాన్పించు శాఖను చూచినవారు. అయినను ఆ పక్షముమీద జనులకు అనేక ఫిర్యాదులుండెను. మరియొకరు దేవుడు లేడను సిద్ధాంతమును పట్టుకొనిన పక్షమువారు. అయినను కూలివాని పక్షమున, భూమిలేనివాని పక్షమున మాటలాడినవారు. దేవుని ఎరిగి పేదగా బ్రదుకుచున్న విశ్వాసికి ఇది సులభమైన నిర్ణయము కాదు. పూర్తిగా తెల్లనిదియు పూర్తిగా నల్లనిదియు ఎన్నికల పెట్టెలో దొరకవు. నాటినుండి నేటివరకు మన కష్టము ఇదియే.

పదవి, నింద, రాజీనామా

ఓటమి సంజీవరెడ్డిగారిని ఆపలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ప్రకాశముగారి మంత్రివర్గములో ఉపముఖ్యమంత్రి అయిరి. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశమునకు మొదటి ముఖ్యమంత్రి అయిరి. 1960లో ఆ పదవి విడిచి అఖిలభారత కాంగ్రెసు అధ్యక్షులైరి. 1962లో మరల ముఖ్యమంత్రిగా వచ్చిరి.

ఆ కాలమున ప్రభుత్వము ప్రైవేటు బస్సు మార్గములను తన చేతిలోనికి తీసికొనుచుండెను. కర్నూలు జిల్లాలో ఏ మార్గములను ముందుగా తీసికొనవలెనను విషయమందు ముఖ్యమంత్రి తన రాజకీయ విరోధులను దెబ్బతీయవలెననియే నిర్ణయము చేసెనని బస్సుల యజమానులు న్యాయస్థానమున ఆరోపించిరి. సంగతి సుప్రీంకోర్టు వరకు వెళ్లెను. ఆ ఆరోపణను కాదనుచు ముఖ్యమంత్రి స్వయముగా ప్రమాణపత్రము దాఖలు చేయలేదు. ఆ మౌనమును న్యాయమూర్తులు ఆయనకు విరోధముగానే ఎంచిరి. తీర్పు వచ్చిన తరువాత, 1964 ఫిబ్రవరిలో, ఆయన పదవికి రాజీనామా ఇచ్చిరి.

ఈ సంగతిని ఎట్లు తూచుదుము? ఆయనను మెచ్చుకొనువారు, న్యాయస్థానము తప్పుపట్టగానే కుర్చీ దిగిపోయెను, ఎందరు అట్లు దిగుదురు? అందురు. నిందించువారు, చేయకూడనిది చేసినందుననే గదా దిగవలసివచ్చెను? అందురు. రెండును పక్కపక్కన పెట్టి చూడవలెను. సమూయేలు వృద్ధుడైనప్పుడు జనులయెదుట నిలువబడి, నేనెవని యెద్దును తీసికొంటిని, ఎవని యొద్ద లంచము పుచ్చుకొంటిని అని తన లెక్క తానే అడిగించుకొనెను (1 సమూయేలు 12:3). అధికారికి అది తగిన కొలత. అంతగా నిలువలేనివాడు, తీర్పునకు తలవంచి దిగుట రెండవ మేలు. తీర్పునకును తలవంచక కుర్చీని పట్టుకొని వ్రేలాడుట కీడు. ఓటు వేయు విశ్వాసి ఈ మూడింటి భేదమును ఎరిగియుండవలెను. అందరును ఒకటే అనువాడు ఈ భేదమును చూడనివాడు.

1969: మనస్సాక్షి పేరిట ఓటు

పిమ్మట ఆయన కేంద్రమంత్రిగా పనిచేసి, 1967లో మన హిందూపురము నుండి లోక్‌సభకు ఎన్నికైరి. సభ ఆయనను స్పీకరుగా ఎన్నుకొనెను. న్యాయాధిపతివలె కూర్చుండువాడు ఒక పక్షమువాడై ఉండకూడదని తలంచి ఆయన తన కాంగ్రెసు సభ్యత్వమును విడిచిరి. ఇది మెచ్చదగిన పని.

1969 మే 3వ తేదీన రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు మరణించిరి. కాంగ్రెసు పెద్దలు సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిర్ణయించిరి. ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారికి అది ఇష్టము లేకపోయినను, ఆయన నామినేషను పత్రముమీద ప్రతిపాదించువారుగా ఆమెయే సంతకము చేసిరి. ఉపరాష్ట్రపతిగా ఉండిన గిరిగారు తమ పదవి వదలి స్వతంత్రముగా నిలిచిరి. ఇట్లు అమరావతి చెరసాలలో కలిసియుండిన ఇద్దరు తెలుగువారు దేశములోని అత్యున్నత పదవికి ఎదురెదురుగా నిలువబడిరి. చింతామణి దేశ్‌ముఖ్‌గారు మూడవవారు.

అప్పుడు కాంగ్రెసు అధ్యక్షులు నిజలింగప్పగారు జనసంఘము, స్వతంత్ర పక్షముల నాయకులతో మాటలాడి, వారి రెండవ ప్రాధాన్యపు ఓట్లు తమ అభ్యర్థికి రావలెనని కోరిరి. దానిని కారణముగా చూపి ప్రధానమంత్రి పక్షమువారు, సభ్యులు పార్టీ ఆజ్ఞకు కట్టుబడక అంతరాత్మ ప్రబోధమునుబట్టి ఓటు వేయవలెనని పిలుపిచ్చిరి. ఆ నాటి పత్రికలన్నిటను ఆ మాటయే.

ఆగస్టు 16వ తేదీన పార్లమెంటు సభ్యులును శాసనసభ్యులును రహస్యముగా ఓటు వేసిరి. మొదటి లెక్కలో ఎవరికిని కావలసినన్ని ఓట్లు రాలేదు. రెండవ ప్రాధాన్యపు ఓట్లు కలిపినప్పుడు గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 ఓటు విలువలు వచ్చెను. స్వల్ప భేదముతో మన జిల్లావాడు ఓడెను. ఆ సంవత్సరమే కాంగ్రెసు రెండుగా చీలెను.

మరియొక సంగతియు జరిగెను. ఎన్నికకు ముందు సంజీవరెడ్డిగారి నడవడినిగూర్చి నీచమైన వ్రాతలుగల కరపత్రమొకటి ఓటర్ల చేతులలో సంచరించెను. గిరిగారి ఎన్నికను ప్రశ్నించుచు కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లగా, రాష్ట్రపతియే స్వయముగా వచ్చి సాక్ష్యము చెప్పిరి. కరపత్రము పంచబడిన మాట నిజమేయని కోర్టు ఎంచెను. కాని అందులో గిరిగారి ప్రమేయము రుజువు కాలేదని 1970లో వ్యాజ్యమును కొట్టివేసెను. మనస్సాక్షి పేరిట జరిగిన ఎన్నికలో తొమ్మిదవ ఆజ్ఞ ఇట్లు మీరబడెను.

ప్రియులారా, ఇక్కడ నిలిచి ఆలోచింతము. ఒకవైపున ఆజ్ఞను శిరసావహించుడనిన పెద్దలు, తాము విరోధులని పిలిచినవారి యొద్దకే ఓట్లకై వెళ్లిరి. మరియొకవైపున అంతరాత్మను వినుడనినవారు, తాము సంతకము చేసిన అభ్యర్థినే ఓడించుటకు ఆ మాటను వాడిరి. రెండు పక్షములును మచ్చలేనివి కావు. ఆ దినమున ఓటు వేసిన సభ్యులలో నిజముగా దేశక్షేమమును తలంచినవారు ఉండవచ్చును. పదవిని ఆశించినవారు, భయపడినవారు ఉండవచ్చును. చీటీమీద అందరి గుర్తును ఒక్కటే. వాటి వెనుకనున్న హృదయములను వేరుపరచువాడు దేవుడొక్కడే. మనుష్యుల రహస్యములను ఆయన తీర్పు తీర్చు దినమొకటి ఉన్నదని రోమా పత్రిక చెప్పుచున్నది.

మనస్సాక్షి అనునది మన ఇష్టమునకు మరియొక పేరు కాదు. అది బలహీనమై పొరబడగలదు (1 కొరింథీ 8:7). వాతవేయబడిన చర్మమువలె మొద్దుబారగలదు (1 తిమోతి 4:2). క్రీస్తు రక్తముచేత శుద్ధి పొందగలదు (హెబ్రీ 9:14). పౌలు తన మనస్సాక్షిని దేవుని యెదుటను మనుష్యుల యెదుటను నిర్దోషముగా ఉంచుకొనుటకు అభ్యాసము చేసెను. అభ్యాసము చేయవలసినది గనుక అది ఎన్నికల ముందు రాత్రి దొరకునది కాదు. దినదినము వాక్యముచేత దిద్దబడిన మనస్సాక్షియే ఆ దినమున నమ్మదగిన సాక్షి.

త్రోసివేయబడుటయు, మరల పిలువబడుటయు

ఓడిన తరువాత సంజీవరెడ్డిగారు ఇల్లూరుకు మరలి వ్యవసాయము చేసికొనుచుండిరి. అత్యవసర పరిస్థితి ప్రకటింపబడిన 1975వ సంవత్సరములో జయప్రకాశ్ నారాయణ్‌గారితో కలిసి మరల ప్రజాజీవితములోనికి వచ్చిరి. 1977 ఎన్నికలలో ఆంధ్రప్రదేశములోని 42 లోక్‌సభ స్థానములలో 41 కాంగ్రెసుకే వచ్చెను. మిగిలిన ఒక్కటి నంద్యాల. జనతా పక్షమున గెలిచినవారు సంజీవరెడ్డిగారు. ఆయన మరల స్పీకరైరి. అదే సంవత్సరము రాష్ట్రపతి ఎన్నికకు 37 మంది నామినేషనులు వేయగా 36 త్రోసివేయబడి, ఆయన పోటీలేకుండ ఎన్నికై జూలై 25వ తేదీన ప్రమాణము చేసిరి. ఎనిమిదేండ్ల క్రిందట చీలిన పక్షములే ఇప్పుడు ఏకముగా ఒప్పుకొనెను. దేశములో పేదరికము ఉండగా తాను పూర్తి జీతము పుచ్చుకొనుట తగదని, అందులో నూటికి డెబ్బది వంతులు తగ్గించుకొందునని ఆయన ప్రకటించిరి. ఇల్లు కట్టువారు నిషేధించిన రాతినిగూర్చిన వాక్యమును కొందరు ఇట్టివారికి అన్వయింతురు. అది క్రీస్తుకే చెందినది, మనుష్యునికి అంటగట్టకూడదు. అయినను మనుష్యుల తీర్పు ఎంత మారుచుండునో ఇందువలన తెలియుచున్నది.

1979లో ఆయనకు కఠినమైన పరీక్ష వచ్చెను. మొరార్జీ దేశాయిగారు రాజీనామా ఇవ్వగా, చరణ్‌సింగుగారిని ప్రధానమంత్రిగా పిలిచిరి. ఆయన లోక్‌సభను ఎదుర్కొనకయే రాజీనామా ఇచ్చి సభను రద్దుచేయుమని సలహా చెప్పిరి. జనతా నాయకులైన జగ్జీవన్ రామ్‌గారు తమకు అవకాశమిమ్మని అడిగిరి. అంటరానివారని త్రోసివేయబడిన జనులలోనుండి వచ్చిన ఆయన ప్రధానమంత్రి అగునని అనేకులు ఆశించిరి. రాష్ట్రపతి వారిని పిలువక ఆగస్టులో సభను రద్దుచేసిరి. అది అన్యాయమని ఆనాడు గట్టిగా విమర్శించిరి. సంజీవరెడ్డిగారు 1989లో ప్రకటించిన తమ జ్ఞాపకముల గ్రంథములో తమ నడవడికి కారణములు చెప్పుకొనిరి. మన సంఘములలో అనేకులు ఆ త్రోసివేయబడిన జనులలోనుండియే ప్రభువుచేత పిలువబడినవారు గనుక, ఈ సంగతి చదువునప్పుడు నొప్పి కలుగుట సహజమే. ఆ నొప్పిని దాచిపెట్టనక్కరలేదు. స్పీకరై పార్టీ విడిచిన మనుష్యుడును, ఈ మనుష్యుడును ఒక్కరే.

1982లో పదవీకాలము ముగిసిన తరువాత ఆయన అనంతపురమునకు తిరిగివచ్చిరి. 1996 జూన్ 1వ తేదీన బెంగుళూరులో మరణించిరి. అప్పటికి ఎనుబదిమూడేండ్లవారు.

మనము నేర్చుకొనవలసినవి

యోతాము గెరిజీము కొండపైనుండి చెప్పిన కథను తలంచుకొనుడి. చెట్లు తమకు రాజును వెదకెను. ఒలీవచెట్టు తన నూనె విడువనన్నది, అంజూరము తన పండు విడువనన్నది, ద్రాక్ష తన రసము విడువనన్నది. చివరకు నీడయే లేని ముండ్లపొద రాజాయెను. మంచి చెట్లు ఏ పాపము చేయలేదు. తమ పనిలో తాము ఉండెను. అయినను వాటి దూరమే ముండ్లపొదకు సింహాసనమాయెను. ఈ సీమలో ముండ్లపొద ఎట్లు అలుముకొనునో, చేను బీడుగా విడిచినవానికి తెలియును. మంచివారు నిలువకపోయినను, మంచివారు ఓటు వేయకపోయినను ఫలము ఒక్కటే. ఎవరును తగరని చెప్పుటకు 2013 నుండి ఓటింగు యంత్రముమీద నోటా ఉన్నది. మనస్సాక్షి మరి దేనిని ఒప్పుకొననప్పుడు దానిని నొక్కుట తప్పు కాదు. కాని నోటాకు ఎన్ని ఓట్లు వచ్చినను, మిగిలినవారిలో ఎక్కువ వచ్చినవాడే గెలుచునని ఎరిగి నొక్కవలెను.

రెండవది, మనము రక్షకుని ఎన్నుకొనుటలేదు. మనకు రక్షకుడొక్కడే; ఆయన ఎన్నికలలో నిలువలేదు. మనము ఎన్నుకొనునది ఐదేండ్లకు పనివానిని. పనివానిని పిలుచునప్పుడు, వీడు పాపము లేనివాడా అని అడుగము. ఈ పని చేయునా, దొంగిలించునా, బలహీనుని కొట్టునా అని అడుగుదుము. యిత్రో మోషేకు చెప్పిన గుర్తులు సామర్థ్యము, దైవభయము, సత్యము, లంచమును అసహ్యించుకొనుట (నిర్గమకాండము 18:21). నాలుగును ఒకనిలో దొరకనప్పుడు, ఎవని తప్పిదము పేదవానిమీద ఎక్కువ భారముగా పడునో చూడవలెను. దీనుల వ్యాజ్యమును తీర్చుటయే తన్ను ఎరుగుటయని దేవుడు యిర్మీయా 22:16లో చెప్పించెను. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మొదలుకొని అభ్యర్థులు తమమీది క్రిమినలు కేసులను, ఆస్తులను, అప్పులను, చదువును ప్రమాణపత్రములో తెలుపవలసియున్నది. చదువ వచ్చిన యౌవనస్థులు వాటిని తెచ్చి పెద్దలకు చదివి వినిపింతురు గాక. పుకారు కరపత్రమును చేతినుండి చేతికి పంపవద్దు.

మూడవది, డబ్బు సంగతి. వాన లేని ఏట కూలి దొరకని ఇంటికి ఎవడో వచ్చి నోట్లు ఇచ్చిన కాదనుట ఎంత కష్టమో ఎరిగియే వ్రాయుచున్నాము. ఆకలిగొన్నవానికంటె ఆ ఆకలిని కొనువాని పాపమే పెద్దది. అయినను ఓటుకు డబ్బు ఇచ్చుటయు పుచ్చుకొనుటయు చట్టమందు నేరమే, దేవునియెదుటను లంచమే. కొందరు డబ్బిచ్చి ప్రమాణము చేయింతురు. ప్రమాణము తప్పిన పాపము తగులునని అమాయకులు భయపడి, తాము కూడదనుకొనినవానికే ఓటు వేయుదురు. హేరోదు తన ప్రమాణము నిమిత్తమే యోహాను తల తీయించెను (మార్కు 6:26). కీడు చేయుటకు చేసిన ప్రమాణమును నెరవేర్చుట భక్తి కాదు. అట్టి ప్రమాణము చేసినవారు దేవునియెదుట దానినిగూర్చి పశ్చాత్తాపపడి, డబ్బు తిరిగి ఇచ్చి, స్వేచ్ఛగా ఓటు వేయవలెను.

నాలుగవది, సంఘమును మందగా ఎవరికిని అప్పగింపరాదు. ప్రహరీగోడ కట్టింతుమని, గుడికి రేకులు వేయింతుమని చెప్పినవారికి సంఘపెద్దలు అందరి ఓట్లను మాటయిచ్చుట తగదు. ఒక్కొక్కని మనస్సాక్షి దేవుని యెదుట ఒక్కొక్కటిగా నిలుచును. అదేవిధముగా మనవలె ఓటు వేయని సహోదరుని తీర్పు తీర్చకూడదు (రోమా 14:10). ఎన్నికలైన ఆదివారము ఒకే రొట్టెలో పాలుపొందవలసినవారము మనము.

చివరిది, ఓటుతో మన పని ముగియదు. గెలిచినవారు మనకిష్టులైనను కాకున్నను వారికొరకు ప్రార్థించుట 1 తిమోతి 2:1, 2 ప్రకారము మన ధర్మము. అడుగవలసిన నీళ్లను, రోడ్డును, కూలిని అడుగుటయు, తప్పు చేసినప్పుడు నాతానువలె ముఖాముఖిగా చెప్పుటయు మన ధర్మమే. సంజీవరెడ్డిగారివంటివారు గెలిచిరి, ఓడిరి, దిగిరి, మరల ఎక్కిరి, మట్టిలో కలిసిరి. వారి లెక్క దేవుని యొద్దనున్నది. మన వ్రేలిమీది సిరా గుర్తు కొన్ని వారములకు చెరిగిపోవును. ఆ దినమున మనమేమి తలంచి మీట నొక్కితిమో అది మాత్రము ఆయన యెదుట చెరగదు.

మన మనస్సాక్షులను తన వాక్యముచేత దిద్ది, ఈ కరువు సీమకు నీతిగల పనివారిని ప్రభువు దయచేయును గాక. ఆమేన్.